ఏడేళ్లుగా కడుతున్న తోలు పట్టీ గజ్జెలు

హనుమకొండలో కూచిపూడి క్లాసులో చేరినప్పుడు నాకు 32 ఏళ్లు. మిగతావాళ్లంతా బడి పిల్లలు. మొదటిసారి గజ్జెలు కట్టే గజ్జె పూజకు వెల్వెట్ పట్టీ జత ఒకటి కొన్నాను, 600 రూపాయలు. చూడటానికి ముచ్చటగా ఉండేది. నాలుగు నెలలకే లోపలి స్పాంజి చెమట పీల్చి వాసన కొట్టింది, గజ్జెలు వేలాడిపోయాయి. తర్వాత 2,200 పెట్టి తోలు పట్టీ జత తీసుకున్నా. ఏడేళ్లుగా కడుతున్నది అదే.

కాలికి 50 గజ్జెలు, ఐదు వరుసలు, రెండు బకిల్స్. కథక్ వాళ్లు దారానికి గుచ్చి నూరుకు పైగా చుట్టుకుంటారు. మనకు అన్ని అక్కర్లేదు, 50 దాటితే మోకాళ్లే చెబుతాయి. కొనేటప్పుడు అందరూ పట్టీ మొత్తాన్ని ఊపి చూస్తారు. అలా ఊపితే ఏదైనా బాగానే మోగుతుంది. ఒక్కో గజ్జెను వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుని వినండి. రేకు గజ్జె చిటచిటమంటుంది. పోత గజ్జె బరువుగా ఉంటుంది, మోత గుండ్రంగా వస్తుంది. గజ్జె నోటి అంచు మీద వేలు కూడా రాయండి. పదునుగా ఉంటే పట్టు డ్రెస్సు కుచ్చిళ్లను పీకేస్తుంది. నా ఆకుపచ్చ డ్రెస్సు అలాగే పోయింది.

అసలు గొడవ గజ్జెలతో కాదు, కుట్టుతో. రెండో ఏడు శివరాత్రికి వేయి స్తంభాల గుడి దగ్గర చేస్తుంటే తరంగం, అంటే ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడే అంశం, దాని మధ్యలో కుడికాలి మూడో వరుస దారం తెగింది. మూడు గజ్జెలు వేదిక మీద దొర్లుకుంటూ కిందికి పోయాయి. పళ్లెం అంచు మీద నిలబడి ఉన్నా, ఆపడానికి లేదు. అయ్యాక ఒక పిల్లాడు అరచేతిలో ఒకటి పట్టుకొచ్చి ఇచ్చాడు. మిగతా రెండూ దొరకలేదు. అమ్మిన షాపాయన "మీరు గట్టిగా ఆడుంటారు" అన్నాడు! ఆడటానికే కదా కొన్నది. చివరికి మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే పట్టీ తిప్పి చూసి, "గీ సన్న దారం ఆగది బిడ్డా, మైనం పట్టిచ్చిన దారంతోని కుట్టాలె" అన్నాడు. 150 రూపాయలు తీసుకుని రెండు పట్టీలూ మళ్లీ కుట్టాడు. తర్వాత ఒక్క కుట్టు ఊడలేదు. ఇప్పుడు ఎవరైనా కొత్త జత కొంటే ముందు ఆయన దగ్గరికే పంపిస్తున్నా.

నా తప్పూ ఒకటుంది. ఇంట్లో ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో కడిగేశాను. తోలు అప్పడంలా బిగుసుకుపోయింది, గజ్జెల్లో ఇనుప గుళ్లు తుప్పు పట్టి మోత మందగించింది. ఇప్పుడు పొడి గుడ్డతో తుడిచి, తోలుకు నెలకోసారి కొంచెం ఆముదం రాసి, నూలు సంచిలో పెడుతున్నా. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లో పెట్టారో, బూజు ఖాయం.

కొత్తలో చీలమండ ఒరుసుకుపోతుంది. పాత నూలు చున్నీ చించి పట్టీ కింద చుట్టుకుంటే చాలు.

బ్యాలే వాళ్లు కాలివేళ్ల కొస మీద నిలబడటానికి వేసుకునే పాయింట్ షూస్ ఒక్కోసారి ఒక్క ప్రదర్శనకే అరిగిపోతాయి. మనకు ఆ ఖర్చు లేదు, ఉత్త కాళ్లే. రామప్ప గుడిలో ఎత్తు మడమల చెప్పులున్న మదనిక శిల్పాన్ని గైడ్లు చూపించినప్పుడల్లా ఈవిడ వాటితో ఎలా ఆడిందో అనుకుంటాను. చెప్పులు లేవు కాబట్టి నేల సంగతి మనమే చూసుకోవాలి. ఇంట్లో టైల్స్ మీద ఏడాది ప్రాక్టీస్ చేసేసరికి మడమలు పట్టేశాయి. కొత్తవాడ జంపఖానా పరిస్తే జారింది. కింద రబ్బరు మ్యాట్ వేశాక కుదిరింది.

మళ్లీ కొనాలన్నా ఇలాంటి పోత గజ్జెలే కొంటాను. పోయినవాటి చోట కొత్తవి రెండు కుట్టించాను, వాటి మోత కాస్త సన్నం. గురువుగారు ఇంతవరకు కనిపెట్టలేదు.