ముత్యాల మడుగుకి సైకిళ్ళ మీద

ఇంటి గుమ్మంలో సైకిలెక్కాలి, మళ్ళీ ఇంటి గుమ్మంలోనే దిగాలి. అదీ నా పట్టుదల. మా బామ్మర్ది మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు: "బావా, జిగణి దాటేదాకా సైకిళ్ళు టెంపోలో వేసుకుపోదాం. అక్కణ్ణుంచి హాయిగా తొక్కుదాం." వింటేనా! బెంగళూరులో మా బీటీఎం లేఅవుట్ నుంచి ఆనేకల్ దగ్గరున్న ముత్యాల మడుగు జలపాతం దాదాపు 40 కిలోమీటర్లు. ఆ మాత్రం దూరానికి టెంపో ఎందుకని నా వాదన.

పోయిన అక్టోబరు చివర ఒక శనివారం తెల్లారకముందే బయల్దేరాం. బన్నేరుఘట్ట రోడ్డులో మెట్రో స్తంభాల కింద గుంతలు, వాటిలో రాత్రి కురిసిన వాన నీళ్ళు. అది సిటీ కష్టమే, అలవాటైనదే. అసలు కష్టం బన్నేరుఘట్ట దాటాక మొదలైంది. జిగణిలో గ్రానైట్ కోసి పాలిష్ పట్టే యూనిట్లు చాలా ఉన్నాయి. రాతి దిమ్మెలు వేసుకున్న లారీ పక్కనుంచి పోతే ఆ గాలికి హ్యాండిల్ దానంతటదే పక్కకి లాగుతుంది. తెల్లటి రాతి దుమ్ము నోట్లో కరకరలాడింది. బామ్మర్ది ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉండింది.

మా పై అంతస్తులో ఉండే నెల్లూరు అన్న ఇంకో దారి పట్టాడు. ఆయనకి మడిచే సైకిలుంది. మామూలు సైకిలుని మన మెట్రోలోకి రానివ్వరు, మడిచేదైతే తీసుకుపోవచ్చు. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మొదలయ్యాక ఆర్‌వీ రోడ్డులో ఎక్కితే చివరి స్టేషన్ బొమ్మసంద్ర. అక్కడ దిగి చందాపుర మీదుగా ఆనేకల్‌కి తొక్కాడు. మేము దుమ్ము కొట్టుకుని ఆనేకల్ చేరేసరికి ఆయన నలగని చొక్కాతో రెండో ఇడ్లీ ప్లేటు ముందు కూర్చుని ఉన్నాడు. చిన్న చక్రాలతో ఎత్తులు ఎక్కడం కష్టమే కానీ, ఆ రోజు ముగ్గురిలో తెలివైనవాడు ఆయనే.

ఆనేకల్ దాటాక మాత్రం ఆ ఐదు కిలోమీటర్లూ చాలా బాగుంటాయి. రెండు పక్కలా రాగి చేలు, తర్వాత పొదలు, ఆ తర్వాత అడవి. కొంచెం దిగుడు, కొంచెం ఎక్కుడు. బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానవనం ఈ వైపు దాకా పరుచుకుని ఉంది. 1974లో ప్రకటించారు, ఇప్పుడు 260 చదరపు కిలోమీటర్లు దాటింది. బన్నేరుఘట్ట అంటే చాలామంది అనుకుంటున్నట్టు జూ, సఫారీ మాత్రమే కాదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి, ఉద్యానవనం లోపలి దారులు సైకిళ్ళకి కాదు. మనం తొక్కేది అడవిని ఆనుకుని, అక్కడక్కడ అడవిలోంచి పోయే ఊళ్ళ రోడ్లే.

ఇక జలపాతం. ముత్యాల మడువు అని కన్నడ బోర్డు మీద ఉంటుంది. కన్నడలో అయితే 'ముత్తిన' అనాలి, 'ముత్యాల' మన మాట. ఆనేకల్, హోసూరు, తళి వైపు తెలుగు ఇళ్ళు ఎన్నో కదా, పేరులో ఆ తెలుగు అలా నిలిచిపోయింది. సుమారు 90 మీటర్ల ఎత్తు నుంచి పడుతుందని చెబుతారు. అంతా ఒక్క దూకుడు కాదు, రాతి మీద జారుతూ చినుకులుగా రాలుతుంది. అక్టోబరు వానలకి నీళ్ళు బాగానే ఉన్నాయి. కిందికి మెట్లున్నాయి, అడుగున చిన్న శివాలయం. సైకిల్ బూట్లతో ఆ మెట్లు దిగొద్దు. అడుగున ఇనప క్లిప్ ఉండే నా బూట్లతో తడి రాయి మీద రెండుసార్లు జారాను. చివరికి వాటిని చేతిలో పట్టుకుని వట్టి కాళ్ళతో దిగాను. కోతుల విషయం వేరే చెప్పక్కర్లేదు, సీటు కింద సంచిలో ఉన్న వేరుశెనగ చిక్కీ జిప్ తీసి మరీ పట్టుకుపోయాయి.

పైన టీ బంకు ఆమె మా మాటలు విని, "యా ఊరప్పా మీది?" అంది. బెంగళూరే అంటే నమ్మలేదు, కర్నూలు అన్నాక శాంతించింది.

ఆ రాత్రికి ఒక ఫార్మ్ స్టేలో గది తీసుకున్నాం. ఫొటోలు చూసి మోసపోయాం అనను. మామిడి తోట నిజంగానే ఉంది, మంచాలు శుభ్రంగా ఉన్నాయి, రాగి సంగటి కూడా పెట్టారు. కానీ "సైకిళ్ళు పెట్టడానికి భద్రమైన చోటు" అని రాసింది మామిడి చెట్టు కింద ఖాళీ నేల అని తేలింది. రాత్రి వాన పడి నా సీటు బూరెలా నానింది. పొద్దున టిఫిన్ ఎనిమిదిన్నర తర్వాతే. ఆరింటికి బయల్దేరే వాడికి ఎనిమిదిన్నర దోశెతో పనేముంది? ముగ్గురికీ కలిపి 5,400 ఇచ్చుకున్నాం. కుటుంబంతో కారులో వచ్చేవాళ్ళకి మంచి చోటే, మాకు కాదు.

మార్చిలో రెండోసారి వెళ్ళినప్పుడు ఆనేకల్ బస్టాండు దగ్గర ఒక మామూలు లాడ్జిలో దిగాం. గోడలకి సున్నం రాలుతోంది, వేడినీళ్ళు బకెట్టుతోనే. అయితే కౌంటర్లో పెద్దాయన, "సైకిళ్ళు రూములోనే పెట్టుకోండి సార్, తాళం ఎందుకు" అన్నాడు. గదికి 900. పొద్దున ఐదింటికే వీధిలో టీ, ఇడ్లీ దొరుకుతాయి. సైకిల్ యాత్రకి ఇంతకన్నా ఏం కావాలి.

మధ్యలో జనవరిలో ఒక పొద్దున రాగిహళ్ళి దారి చూశాం. ఈసారి బన్నేరుఘట్ట దాకా టెంపో, నా పట్టుదల జిగణి దుమ్ములోనే వదిలేశాను. ఊరు దాటాక రోడ్డు అడవిలోకి దూరుతుంది. రామకృష్ణ మిషన్ కేంద్రం ఉన్న శివనహళ్ళి దాకా వెళ్ళి అదే దారిలో తిరిగొచ్చాం. మూడు దారుల్లోకీ ఇదే నాకు నచ్చింది. లారీలు లేవు, వెదురు పొదల మధ్య మలుపులు, పక్షుల గోల తప్ప ఏమీ వినపడదు. కానీ ఇది ఏనుగుల దారి కూడా. రాగి కోతల కాలంలో అవి చేలకి వస్తాయి. పాత రైలు పట్టాలతో కట్టిన కంచెలు అందుకే కనిపిస్తాయి. ఒక మలుపులో అటవీ శాఖ వాచర్ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ముందు రోడ్డు మీద ఇంకా ఆవిరొస్తున్న లద్దె. పావుగంట నిలబడ్డాం. నెల్లూరు అన్న ఫోన్ తీస్తే వాచర్ కోప్పడ్డాడు. వెలుతురు బాగా వచ్చేదాకా ఈ దారిలో అడుగు పెట్టొద్దు, సాయంత్రం అసలే వద్దు. జూ కూడా చూద్దామనుకుంటే మంగళవారం పెట్టుకోవద్దు, ఆ రోజు సెలవు.

ఇక అద్దె సైకిళ్ళు. బామ్మర్దికి సొంత సైకిలు లేదు. అక్టోబరులో తెచ్చిన హైబ్రిడ్‌కి రోజుకి 700 కట్టాం. ఇచ్చేటప్పుడు సర్వీస్ చేశామన్నారు. ఆనేకల్ దాటాక మొదటి దిగుడులోనే వెనక బ్రేక్ ప్యాడ్లు అరిగి ఇనుము తగులుతున్న శబ్దం వచ్చింది. ఫోన్ చేస్తే "ఫ్రంట్ బ్రేక్ వాడండి సార్" అన్నారు! తీసుకునేటప్పుడే చక్రం తిప్పి రెండు బ్రేకులూ నొక్కి చూసుకోండి. మార్చిలో వేరే చోట తీసుకున్నాం. 100 ఎక్కువే కానీ పంపు, స్పేర్ ట్యూబు అడక్కుండానే ఇచ్చారు.

ట్యూబు పనికొచ్చింది కూడా. ఎండాకాలంలో రోడ్డు అంచున పల్లేరు కాయలు ఉంటాయి, టైరుకి గుచ్చుకుంటే ఇక చెప్పక్కర్లేదు. నాది సన్నటి ప్రెస్టా వాల్వ్, ఆనేకల్‌లో పంక్చరు కొట్టు గాలి పైపు దానికి పట్టదు. ఆ పిల్లాడు వాల్వ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంది అన్నా, సూదా?" అన్నాడు. వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి ఉంటే చాలు, ఏ బైకు కొట్టులోనైనా గాలి పడుతుంది. నా దగ్గర లేదు. చేతి పంపుతో కొట్టీ కొట్టీ భుజాలు పోయాయి. ఇప్పుడు తాళం గుత్తికే ఒకటి తగిలించుకున్నాను.

మార్చిలో మడుగు దగ్గర నీళ్ళు లేవు. నల్లటి రాతి మీద తడి చార, అంతే. జలపాతం కోసమే వెళ్ళేవాళ్ళు ఆగస్టు నుంచి డిసెంబరు లోపల వెళ్ళాలి, అదీ నాలుగు మంచి వానలు పడ్డాక. మేము మెట్లు కూడా దిగలేదు. టీ బంకు ఆమె గుర్తుపట్టింది.

"నీళ్ళు లేవు కదప్పా, మళ్ళా ఎందుకొస్తిరి?"

నెల్లూరు అన్న ఏదో చెప్పబోయాడు. బామ్మర్ది అడ్డుపడి, "చిత్రాన్నం ఉందా అక్కా?" అన్నాడు.