గబ్బిలమా, పిచ్చుకా: ముందుగా ఆదుకోవలసినది ఏది?

మన ఊరి మర్రికి తలకిందులుగా వేలాడే పెద్ద పండు గబ్బిలానికీ, అమెరికా తూర్పు తీరంలోని ఉప్పునీటి చిత్తడి గడ్డిలో గూడు కట్టే సాల్ట్‌మార్ష్ స్పారో అనే పిచ్చుకకూ పోలిక ఏమిటని ఎవరైనా అడగవచ్చు. రక్షణకు వెచ్చించగల సొమ్ము పరిమితమైనప్పుడు ఏది ముందు అన్న ప్రశ్న మాత్రం తప్పదు.

సంతానం లెక్కన గబ్బిలమే బలహీనం. అది సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. పిచ్చుక విడతకు మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది, గూడు పోతే మళ్లీ కడుతుంది. అయినా ఈ లెక్కను నమ్మరాదు. ఆ గూడు నేలకు జానెడు ఎత్తులోనే ఉంటుంది కనుక, గుడ్లు పెట్టింది మొదలు పిల్లలు గూడు విడిచేదాకా పట్టే మూడు వారాలకు పైబడిన కాలం, సుమారు నాలుగు వారాలకొకసారి వచ్చే అతిపెద్ద పోట్ల నడుమ ఇమిడితేనే అవి బతుకుతాయి. సముద్రమట్టం పెరిగేకొద్దీ ఆ వ్యవధి కుంచించుకుపోయి, గుడ్లు తేలిపోతున్నాయి, రెక్కలు రాని పిల్లలు మునిగిపోతున్నాయి. మగపక్షి సాయం ఏమీ ఉండదు. 1998 నుంచి 2012 వరకు వీటి సంఖ్య ఏటా 9 శాతం చొప్పున తగ్గి, సుమారు 60,000కు చేరిందని అంచనా. పేరుకు పిచ్చుకే గాని ఇది మన ఊరపిచ్చుక కుటుంబానికి చెందదు. న్యూజెర్సీ తెలుగువారికి మాత్రం ఇరుగుపొరుగే.

గబ్బిలానిది వేరే కష్టం. తోటల రైతుకు అది కంటగింపు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పండు గబ్బిలాలను ఎలుకలు, కాకులతో పాటు హానికర జీవుల జాబితాలో చాలాకాలం ఉంచింది. 2022 సవరణతో ఆ జాబితాయే పోయింది. నిపా వైరస్‌కు ఆశ్రయం ఈ జాతే కావడంతో, 2018లో కోజికోడ్ ప్రాంతంలో ఆ వ్యాధి ప్రబలిన నాటి నుంచి భయమూ పెరిగింది. అయితే గుంపును చెదరగొడితే గబ్బిలాలు మరో ఊరి చెట్టుకు చేరతాయే గాని ముప్పు తొలగదు. ఇప్పపూల పరాగాన్ని మోయడంలోనూ, ఇప్పకాయలు తిని గింజలను దూరాన వదలడంలోనూ వీటికి సాటి వచ్చే జీవులు అరుదు.

చేసే మేలును బట్టి నా తూకం గబ్బిలం వైపే మొగ్గుతుంది, కానీ ముందుగా నిధులు ఇవ్వవలసింది పిచ్చుకకే. దాని కోసం చిత్తడి నేలను మట్టి పోసి ఎత్తు చేయాలి, లేదా రోడ్లూ ఇళ్లూ అడ్డులేని చోట లోపలికి జరగనివ్వాలి. రెండూ ఖర్చుతో కూడిన పనులే. గబ్బిలానికి, రోడ్డు విస్తరణ పేరుతో ఊరి మర్రినీ చింతనూ కొట్టకుండా ఉండటమే చాలావరకు సరిపోతుంది.