స్టాక్: సరళరేఖలు దిద్దిపెట్టే సాఫ్ట్‌వేర్, ఏడాది వాడాక

మా ఫస్ట్ ఇయర్ పిల్లలకి (1, 5), (3, 9) బిందువుల గుండా పోయే సరళరేఖ సమీకరణం కనుక్కోమని ఇస్తే నాలుగు రకాల సరైన జవాబులు వస్తాయి. ఒకరు వై = 2ఎక్స్ + 3 అంటారు. ఇంకొకరు 2ఎక్స్ − వై + 3 = 0 అంటారు. ఎందుకో మరి, అంతటినీ రెండుతో గుణించి 4ఎక్స్ − 2వై + 6 = 0 దగ్గర ఆగేవాళ్లూ ఉంటారు. వెనక బెంచీ వాళ్లు రెండు బిందువుల రూపంలో అంకెలు వేసేసి, (వై − 5)/4 = (ఎక్స్ − 1)/2 అని రాసి పెన్ను మూసేస్తారు. నోట్‌బుక్‌లో అయితే నాలుగింటికీ టిక్కు పెడతాను, చివరిదానికి కాస్త విసుగ్గా.

ఇదివరకు డబ్బు కట్టి వాడిన ఒక హోంవర్క్ యాప్‌కి ఇది చేతకాలేదు. కీలో ఉన్నది ఉన్నట్టు కొడితేనే రైటు. 3 + 2ఎక్స్ అని ముందు వెనకలు చేసినా తప్పే. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు వచ్చేవి: "మేడమ్, ఇది కూడా కరెక్టే కదా?" కరెక్టే నాయనా. పొద్దున్నే చేత్తో మార్కులు మార్చేదాన్ని. అలాంటప్పుడు కంప్యూటర్ ఎందుకు?

స్టాక్‌కి వచ్చింది అందుకే. ఇది విడిగా ఉండే యాప్ కాదు, మూడుల్‌లో (కాలేజీలు ఆన్‌లైన్ పాఠాలకీ పరీక్షలకీ వాడే ఉచిత సాఫ్ట్‌వేర్) చేరే ఒక ప్రశ్న రకం. ఉచితం. 2004 ప్రాంతంలో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో క్రిస్ సాంగ్విన్ మొదలుపెట్టారు, ఇప్పుడు ఎడిన్‌బరా నుంచి నడుస్తోంది. లోపల అసలు లెక్క చేసేది మాక్సిమా అనే బీజగణితం చేసే ప్రోగ్రామ్. 1968లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టిన మాక్‌సిమా (Macsyma) అనే పాత ప్రోగ్రామ్ సంతతి అది. బిల్ షెల్టర్ అనే ప్రొఫెసర్ 1998లో అనుమతి సంపాదించి అందరికీ ఉచితంగా వదిలారు. మా పిల్లల సరళరేఖల్ని దిద్దుతున్నది వాళ్ల నాన్నల కంటే పెద్ద వయసున్న ప్రోగ్రామ్ అని క్లాసులో చెప్తే నవ్వారు.

సమీకరణాన్ని అది చూసే పద్ధతి నాకు బాగా నచ్చింది. పిల్లవాడు రాసినదాంట్లోనూ నా జవాబులోనూ అన్నిటినీ ఒకవైపుకి తెస్తుంది. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తుంది. ఎక్స్‌లూ వైలూ కొట్టేసుకుపోయి ఉత్త సంఖ్య మిగిలితే రెండూ ఒకే రేఖ. పైన చెప్పిన నాలుగు జవాబులకీ మార్కులు పడ్డాయి, వెనక బెంచీ వాళ్లతో సహా.

ఇంతకన్నా గొప్ప సంగతి తప్పులు పట్టుకోవడం. దిద్దే వరసని చెట్టు కొమ్మల్లా రాసుకోవచ్చు: రైటైతే ఇటు, కాకపోతే అటు వెళ్లి ఫలానా తప్పేమో చూడు అని. మా పిల్లల్లో ఎక్కువమంది చేసేది వాలుని తలకిందులు చేయడం. వైల తేడాని ఎక్స్‌ల తేడాతో భాగించాల్సింది పోయి ఎదురు భాగిస్తారు, వాలు 2 బదులు 1/2 వస్తుంది, రేఖ ఎక్స్ − 2వై + 9 = 0 అవుతుంది. మొదటి బిందువు దాని మీదే ఉంటుంది కాబట్టి సరిచూసుకున్నాం అనుకుంటారు. అందుకని ఆ కొమ్మ మీద సగం మార్కు పెట్టి, "నీ సమీకరణంలో (3, 9) వేసి చూడు, ఎడమవైపు −6 వస్తోంది, సున్నా రావాలి కదా?" అని తెలుగులో రాశాను. ఆ −6 నేను కొట్టింది కాదు, వాడి జవాబులోంచే లెక్కకట్టి చూపిస్తుంది. అంకెలు పిల్లవాడికీ పిల్లవాడికీ మారతాయి కాబట్టి పక్కవాడి ఫోన్‌లో చూసి దించుకోవడమూ తగ్గింది.

ఇక నేను చేసిన ఘనకార్యాలు. "3ఎక్స్ + 2వై = 12 ని వాలు-అంతరఖండ రూపంలో రాయండి" అని ఒక ప్రశ్న పెట్టాను. ఒకడు ప్రశ్నలో ఉన్నదాన్నే మళ్లీ టైప్ చేశాడు. పూర్తి మార్కులు! రెండూ ఒకే రేఖ కదా, ప్రోగ్రామ్ తప్పేముంది? నేను అడిగింది అదే. మర్నాటికి క్లాసులో సగం మంది అదే పని. అప్పుడు ఇంకో షరతు కలిపాను: ఎడమవైపు ఒక్క వై మాత్రమే ఉండాలి, కుడివైపు వై అసలు ఉండకూడదు. మాక్సిమాలో ఒక్క లైను. అది లేకపోతే ప్రశ్నకి అర్థమే లేదు.

రెండోది ఇంకా నయం. రెండు బిందువుల్నీ యాదృచ్ఛికంగా తీసుకోమన్నాను, కొందరికి రెండు ఎక్స్‌లూ ఒకటే వచ్చి, వాలుకి హారం సున్నా అయి ప్రశ్న తెరుచుకోలేదు. నిలువు రేఖ సంగతి క్లాసులో గొంతు చించుకుని చెప్పేదాన్ని నేనే. ఫలానా సంఖ్య రాకూడదు అని నిషేధించే ఫంక్షన్ ఉంది, ఎక్స్‌ల తేడా సున్నా కాకుండా దాంతోనే సరిచేశాను. వేరియంట్లని, అంటే అంకెలు మారిన ప్రశ్నల్ని, ముందే తయారుచేసి, ఒక్కోటీ పరీక్షించి వదిలే ఏర్పాటూ ఉంది. వాడకపోవడం నా బద్ధకం.

టైపింగ్ గురించి. జవాబు కొట్టగానే తను ఎలా అర్థం చేసుకుందో కింద అందంగా వేసి చూపిస్తుంది. బ్రాకెట్ మర్చిపోతే చెప్తుంది, దానికి మార్కులు కోయదు. 2ఎక్స్ మధ్య గుణకారం గుర్తు పెట్టకపోయినా తనే వేసుకునే ఆప్షన్ ఉంది. అది ఆన్ చేయకుండా మొదటి వారం హోంవర్క్ ఇచ్చి బోలెడు ఫోన్లు ఎత్తాను.

కష్టాలు లేకపోలేదు. చవక షేర్డ్ హోస్టింగ్‌లో (నలుగురితో పంచుకునే అద్దె సర్వర్‌లో) మాక్సిమా పెట్టుకోలేక చిన్న సర్వర్ అద్దెకి తీసుకున్నాను, మా తమ్ముడు ఒక ఆదివారమంతా కూర్చుని ఎక్కించాడు. మొదటి ప్రశ్న రాయడానికి నాకు ఇంకో ఆదివారం పట్టింది. ఇప్పుడు అరగంటలో అయిపోతుంది, కానీ కంప్యూటర్ అంటే టెన్షన్ పడే లెక్చరర్‌కి ఇది ఇవ్వను. వరసగా స్టెప్పులు దిద్దే పద్ధతి కూడా ఉంది, నేనింకా ముట్టుకోలేదు. పదికి ఎనిమిది వేస్తాను.

కొని చూసేదేమీ లేదు కాబట్టి ముందు ఎడిన్‌బరా వాళ్ల డెమో సైట్‌లో నాలుగు ప్రశ్నలకి కావాలని తప్పు జవాబులు కొట్టి చూడండి. నేను దసరా సెలవుల్లో వృత్తాలు మొదలుపెడుతున్నాను. ఈసారి వ్యాసార్థం సున్నా రాకుండా ముందే చూసుకుంటాను.