జ్వాలా నరసింహుడి దారి మూసేశారన్నారు, వెళ్లి చూశాం

దిగువ అహోబిలంలో మేం దిగిన లాడ్జి పేరు రాయను గానీ, దాని మేనేజరు సంగతి చెప్పకుండా ఉండలేను. ఫోన్లో గది 1,400 అన్నాడు. తీరా వెళ్లాక నలుగురున్నారని 2,000 చేశాడు. వేడినీళ్లు బకెట్‌కి 50. యాత్రాస్థలాల్లో ఇవి మామూలేనని సర్దుకున్నాం. రాత్రి భోజనాల దగ్గరికొచ్చి అసలు సంగతి బయటపెట్టాడు: "కొండమీది జ్వాలా నరసింహుడి గుడి దారి మూసేశారు సార్, వాగు పొంగింది. రేపు జీపులో పావన నరసింహస్వామికి వెళ్లిరండి, 3,500." పట్టుబట్టి 500 అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. ఆ దారిలోనే వెళ్లాల్సిన ఉగ్రస్తంభం అనే కొండకొమ్ము ఎక్కాలనే మా బావ హైదరాబాద్ నుంచి వచ్చాడు. మొహం మాడ్చుకుని పెరుగన్నం కూడా ముట్టలేదు.

పొద్దున్నే జీపు సంగతి పక్కనపెట్టి, 8 కిలోమీటర్ల దూరంలోని ఎగువ అహోబిలానికి బస్సెక్కేశాం. అక్కడ చేతికర్రలమ్మే అవ్వ మా మాట విని నవ్వింది. "మూసిందెవరప్పా? నిన్న గూడా పొయ్యొచ్చినారు గదా!" కర్ర 20 రూపాయలు, బేరం ఆడకండి. గైడ్‌గా ఒక చెంచు కుర్రాడు దొరికాడు. ఉగ్రస్తంభం దాకా 1,500. ఈ ప్రయాణంలో న్యాయంగా ఖర్చయిన డబ్బు ఇదే.

గుడి దర్శనం, వరాహ నరసింహస్వామి దాకా నడక హాయిగా సాగాయి. ఆ పైన భవనాశిని వాగు పదే పదే అడ్డొస్తుంది. వానలు తగ్గి కొద్దిరోజులే అయింది, నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి, మా అక్కకు టెన్షన్ మొదలైంది. కుర్రాడు ముందు తను దిగి, కర్రతో లోతు చూసి, వాలుకు ఎదురుగా నిలబడి చెయ్యి అందించాడు. "నున్నటి నల్లబండ మీద కాలు పెట్టొద్దక్కా, పాచి ఉంటాది. ఇసుక కనిపించే తావున పెట్టు." ప్రతిసారీ దాటేముందు గట్టునున్న రాయి మీద తడి ఎంతవరకు ఉందో చూసేవాడు. నీళ్లు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొచ్చినా పైన వాన పడినట్టేనట. అప్పుడిక వెనక్కి తిరగడమే.

జ్వాల దగ్గర కొండ అంచు నుంచి ధారలు పడుతుంటే వాటి కిందుగానే మెట్లమీద నడవాలి. ఫోన్లు కవర్లో చుట్టుకోండి. దానికి దగ్గర్లో చీలే ఉగ్రస్తంభం దారిలో మాత్రం మనుషులే లేరు. మెట్లుండవు, బండలు పట్టుకుని ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు జ్వాల చూసుకుని దిగిపోండి, మా అక్క అదే చేసింది. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనంటారు. పైన పాదాలకు దండం పెట్టుకుని లేచేసరికి బావ మొహంలో నిన్నటి మాడు లేదు. దిగేటప్పుడు గైడ్ బ్యాగు కూడా తనే మోశాడు!

షూ వేసుకెళ్తే వాగు దాటిన ప్రతిసారీ విప్పాల్సిందే. వెనక పట్టీ ఉన్న శాండిల్స్ మేలు. జ్వాల దాటితే కొనుక్కోవడానికి ఏమీ దొరకదు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, తినడానికేమైనా కిందే తీసుకోండి. పొద్దున ఏడుకల్లా బయల్దేరితేనే చీకటి పడకుండా దిగుతారు.

సాయంత్రం లాడ్జిలో బావ స్తంభం ఫొటో మేనేజరు ముందు పెట్టి అడ్వాన్సు అడిగాడు. "జీపు నాది కాదు సార్" అంటూ గొణిగి, చివరికి 250 చేతిలో పెట్టాడు.