జాగ్రత్త: పాత పడవకి 40 హెచ్‌పి మోటార్ అంటగట్టారు, మీరైనా చూసి కొనండి

కోపం మీద రాస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి. షాపు పేరు రాయను. సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ పడవ మోటార్ల కోసం తిరిగినవాళ్లకి ఎవరి గురించో అర్థమైపోతుంది. "అన్నా, నువ్వు మన ఇంటోనివి" అని మొదలుపెట్టే ఆయనే.

మాకు నాగార్జున సాగర్ బ్యాక్‌వాటర్ దగ్గర, వైజాగ్ కాలనీ వైపు, ఒక పాత ఫైబర్ పడవ ఉంది. పొడవు 14 అడుగులు, వెనక వెడల్పు 4 అడుగులు, అడుగు చదును. మోటార్ బిగించే వెనక పలక ఎత్తు 15 అంగుళాలు. ఉన్న మోటార్ చచ్చిపోయింది, ఇంకొకటి కావాలి. అంతే కథ. సెలవు రోజున గాలం వేసుకుని తిరిగేవాడికి స్పీడుతో పనేంటి?

వెళ్లేముందే పడవ వీడియో, టేపు పెట్టి కొలిచిన ఫొటో వాట్సాప్‌లో పంపాను. "వెనక పలక 15 అంగుళాలు, పడవ పాతది, 15 హెచ్‌పి ఉందా, సరిపోతుందా?" అని విడమర్చి రాశాను. పైకెత్తిన బొటనవేలు బొమ్మ వచ్చింది. తీరా షాపుకి వెళ్తే 15 లేదు. ఉన్నది 40 హెచ్‌పి టూ స్ట్రోక్.

"పదిహేనుతోని ఏం జేస్తవ్ అన్నా? నలుగురు ఎక్కితే కదలదు. నలభై అయితే సగం రేసులనే ఉరుకుతది, ఇంజన్ మీద లోడ్ పడదు, పదేండ్లు చూడనక్కర్లే."

వినడానికి బాగుంది కదా? నాకూ బాగుంది. సగం రేసులో నడిపితే మోటార్ బరువు కూడా సగమైపోతుందా అని అడగాలని అప్పుడు తోచలేదు.

డ్రమ్ములో నీళ్లు పోసి స్టార్ట్ చేసి చూపించాడు. రెండో లాగుకే అందుకుంది, పక్కనుంచి కూలింగ్ నీళ్ల ధార కూడా బాగానే పడింది. అప్పుడు మోటార్ పట్టుకుని నిలబడ్డ పనివాడు, "సేట్, ఇది లాంగ్ గదా, అన్న పంపిన కొలత..." అని ఏదో అనబోయాడు. సేట్ ఆ మాట పూర్తికానివ్వలేదు. "నువ్వు పోయి రెండు చాయ్ పట్టుకరా పో." ఆ అబ్బాయి నావైపు ఒకసారి చూసి, చేతులు గుడ్డకి తుడుచుకుని వెళ్లిపోయాడు. చాయ్ వచ్చింది, ఉస్మానియా బిస్కెట్ కూడా వచ్చింది. ఆ బిస్కెట్ నాకు పడ్డ రేటు లక్షా పదివేలు.

సగం ఫోన్‌పే, సగం నగదు. చేతికొచ్చింది కచ్చా చీటీ. "జీఎస్టీ బిల్లు అంటే రేటు పెరుగుతది అన్నా, నీకెందుకది" అన్నాడు. నిజమే, నాకెందుకు అనుకున్నా. అంత తెలివి మనది.

ఆ "లాంగ్" ఏంటో తెలియనివాళ్లకి చెబుతా, ఎందుకంటే మొత్తం మోసం ఆ అబ్బాయి మింగేసిన మాటలోనే ఉంది. ఈ మోటార్ల కాలు, అంటే షాఫ్ట్, మామూలుగా రెండు సైజుల్లో దొరుకుతుంది. 15 అంగుళాల పలకకి షార్ట్, 20 అంగుళాల పలకకి లాంగ్. కాలు చివర నీళ్లలో తిరిగే ఫ్యాను పైన అడ్డంగా ఒక రేకు ఉంటుంది, అది పడవ అడుగుకి సమానంగానో అంగుళం కిందకో ఉండాలి. షార్ట్ పట్టాల్సిన పడవకి లాంగ్ బిగిస్తే కాలు ఐదు అంగుళాలు ఎక్కువ దిగుతుంది. నీళ్లని అడ్డుకుంటూ పోతుంది, వెనక నీళ్లు ఎగజిమ్ముతాయి, ఒడ్డు దగ్గర ఫ్యాను బురదలో దిగబడుతుంది. పలక మీద చెక్క దిమ్మ వేసి ఎత్తు పెంచుకో అని సలహా ఇవ్వబోయేవాళ్లూ, ఆగండి. దానితో షాఫ్ట్ సంగతి తీరుతుంది, బరువు సంగతి తీరదు. 15 హెచ్‌పి టూ స్ట్రోక్ 40 కేజీల లోపే ఉంటుంది. ఈ 40 హెచ్‌పి 70 దాటింది.

సాగర్‌లో ఏం జరిగిందో చెప్పాలంటే ఇంకా ఒళ్లు మండుతోంది. బిగించగానే పడవ వెనక భాగం కుంగిపోయింది. మా బామ్మర్దిని ముందు కూర్చోబెట్టినా పైకి లేవలేదు. మెల్లగా వెళ్లినంతసేపు వెళ్లింది. కాస్త రేసు పెంచానో లేదో ముక్కు పైకి లేచి, నాకు ఎదురుగా బామ్మర్ది వీపు, ఆకాశం తప్ప ఇంకేం కనబడలేదు. కంగారులో ఒక్కసారిగా రేసు వదిలేశా. పడవ ఆగింది గానీ, వెనక మేం లేపిన అల ఆగదు కదా. తరుముకుంటూ వచ్చి ఆ కుంగిన పలక మీదుగా లోపలికి పడింది. మోకాళ్ల దాకా నీళ్లు. లైఫ్ జాకెట్లు వేసుకున్నాం కాబట్టి బకెట్‌తో తోడుకుంటూ ఎలాగో ఒడ్డు చేరాం. బామ్మర్ది ఇప్పటికీ సరిగ్గా మాట్లాడటం లేదు.

మోటార్ విప్పితే అసలు రంగు బయటపడింది. క్లాంపు స్క్రూలు పలకలో గుండ్రంగా రెండు గుంటలు చేశాయి. గుంట అంచున ఫైబర్ చిట్లి, ఆ సందులోంచి ముదురు గోధుమరంగు నీళ్లు సన్నగా కారుతున్నాయి, తడిసిన చెక్క కంపు. పాత ఫైబర్ పడవల్లో చాలావాటికి పైన కనబడేది ఫైబర్, పలక లోపల ఉండేది ప్లైవుడ్. ఎప్పుడో వేసిన స్క్రూ రంధ్రాల్లోంచి నీళ్లు దిగి అది లోలోపలే కుళ్లిపోతుంది. ఇన్నాళ్లూ చిన్న మోటార్ కాబట్టి ఓర్చుకుంది. వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి చూసి, "ఏటి బాబూ, ఈ పడవకి ఈ ఇంజనేటి? తొమ్మిదో పదిహేనో అయితే సాలు గదా" అన్నాడు. చాయ్ కూడా తాగించకుండా చెప్పాడు, పాపం.

ఇక షాపుకి తిరిగి వెళ్లిన సంగతి. డీసీఎంలో మోటార్ వేసుకుని, కిరాయి నేనే పెట్టుకుని వెళ్లా. నన్ను చూసి "అన్నా" కాస్తా "సార్" అయింది. మోటార్ నడుస్తుందా లేదా సార్, అంతే చెప్పండి అన్నాడు. నడుస్తుంది, నా పడవకి పనికిరాదు అన్నాను. "మీ పడవ చెక్క మురిగితే అది నా తప్పా?" సరే అని ఫోన్ తీసి వీడియో, కొలత, నా మెసేజ్, కింద ఆయన పెట్టిన బొటనవేలు చూపించాను. కళ్లజోడు సర్దుకుని తీరిగ్గా చూశాడు.

"ఇది మెసేజ్ అందిందని పెట్టిన సార్. సరిపోతదని నేనెక్కడ రాసిన?"

కౌంటర్ దగ్గర పంపుసెట్లు చూస్తున్న ఇద్దరు నవ్వారు. ఆయనకి ఊపొచ్చింది. "చదువుకున్నోళ్లు, నెట్‌ల చూసుకోవాలె గదా" అని వాళ్లకి వినబడేట్టు అన్నాడు. గోడ మీద బోర్డు చూపించాడు: అమ్మిన సరుకు వాపస్ తీసుకోబడదు. చివరికి జాలిపడి, "సరే, మీ మొఖం చూసి నలభై వేలకి తీసుకుంటా, మార్కెట్ డల్ ఉంది" అన్నాడు. లక్షా పదివేలకి అమ్మిన మోటార్ ఒక్కసారి నీళ్లలోకి దిగితే నలభై వేలు! ఆ పనివాడు అక్కడే ఉన్నాడు. ఇంకో మోటార్ హుడ్ తుడుస్తూ తల ఎత్తలేదు. అతన్ని నేనేం అనను, అతని ఉద్యోగం అతనిది. కానీ ఆ రోజు అతన్ని చాయ్‌కి పంపిన మనిషికి అన్నీ తెలుసు. పొరపాటున జరిగిందని నాతో ఎవరూ అనకండి.

సలహాలు కావాలంటే గబగబా చెప్పేస్తా. 20 అడుగుల లోపు పడవకి ఎంత హెచ్‌పి దాకా పెట్టొచ్చో అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్లకి ఒక లెక్క ఉంది. పొడవుని వెనక వెడల్పుతో గుణించాలి. మాది 14 ఇంటూ 4, 56. చదును అడుగు ఉండి చేత్తో హ్యాండిల్ పట్టి నడిపేదైతే, అందులో సగం నుంచి 15 తీసేయాలి. 28లో 15 పోతే 13, దాన్ని పై ఐదుకి సర్దితే 15. అది గరిష్ఠ పరిమితి, అదీ పలక గట్టిగా ఉన్నప్పుడు. గుణిస్తే 52 గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చే పడవలకి వేరే పట్టిక ఉంది, అది చూసుకోండి.

యమహా, సుజుకి లాంటివాటికి క్లాంపు బ్రాకెట్ మీద ఒక ప్లేటు ఉంటుంది. చాలా మోడళ్లలో కోడ్ చివర ఎస్ అంటే షార్ట్, ఎల్ అంటే లాంగ్. నా దాని మీద ఎల్ స్పష్టంగానే ఉంది, దాని మీద చెయ్యి వేసుకునే చాయ్ తాగాను. అనుమానం ఉంటే టేపుతో కొలవండి. పడవ పలకని సుత్తి పిడితో తట్టండి, గట్టి చెక్క టక్కుమంటుంది, కుళ్లింది మొద్దుగా మోగుతుంది. పాత మోటార్ ఇంకా బిగించే ఉంటే కాలు పట్టుకుని పైకీ కిందకీ ఊపండి, పలక కదిలితే ముందు దానికి మరమ్మతు.

పక్కా బిల్లు తీసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడాన్నే అనుచిత వ్యాపారం కింద పెట్టారు, ఆ విషయం ఇప్పుడు తెలిసింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశా, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తున్నా. ఐదు లక్షల లోపు కొన్న వస్తువైతే ఫీజు లేదు. ఫోన్‌పే సగానికి రుజువుంది, నగదు సగానికి ఆ కచ్చా చీటీ, ఆ బొటనవేలు.

ఈలోగా ఎవరి దగ్గరైనా 20 అంగుళాల పలక ఉన్న పెద్ద పడవ, గట్టిది, ఉంటే మెసేజ్ పెట్టండి. 40 హెచ్‌పి, లాంగ్ షాఫ్ట్, ఎల్బీనగర్‌లో ఉంది. మీ పడవ కొలతలు చూశాకే అమ్ముతా, చీటీ మీద సంతకం పెట్టి ఇస్తా.