777 కొట్టేద్దామా, ఓనర్‌ని మారుద్దామా?

తిరుపతిలో మా ఇంటి పాత కంప్యూటర్లో ఉబుంటు (విండోస్ లాంటి ఉచిత లినక్స్ సిస్టమ్) వేశాను. తెల్లారేసరికి నాన్నకు వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో ఇంటర్నెట్ రేడియో మోగాలి, నచ్చిన కీర్తన రికార్డు కావాలి. మొన్న పాట వస్తోంది గానీ రికార్డు కాలేదు. 'పర్మిషన్ డినైడ్', అంటే అనుమతి లేదు అంది. నెట్ తప్పేం లేదు. ఫైళ్ళ వివరాలు చూపే 'ఎల్‌ఎస్ -ఎల్' కమాండ్‌తో చూస్తే రికార్డింగుల ఫోల్డర్ పక్కన 'రూట్ రూట్' అని రెండుసార్లు ఉంది. అంటే దాని ఓనర్, గ్రూపు రెండూ సిస్టమ్ అడ్మిన్ అయిన రూటే. సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, దాన్ని సృష్టించింది నేనే మరి!

అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్ కమాండ్‌తో 777 కొడితే క్షణంలో పని. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, మొత్తం 7. ఓనర్‌కీ, గ్రూపుకీ, మిగతా అందరికీ అదే 7. వీధి తలుపు బార్లా తీసిపెట్టి అలిపిరి మెట్లెక్కడానికి వెళ్ళినట్టు. పిల్లల లాగిన్‌లోంచి కూడా రికార్డింగులన్నీ డిలీట్ చేసేయొచ్చు.

ఓనర్‌ని మార్చే సీహెచ్‌ఓన్ కమాండ్‌తో ఫోల్డర్‌ను నాన్న యూజర్ పేరు మీదికి మార్చడం రెండోది. ఫోల్డర్‌కు 755, ఫైళ్ళకు 644 చాలు; రాసే హక్కు ఓనర్‌కే ఉంటుంది, మిగతావాళ్ళు చూడగలరంతే. నా ఓటు దీనికే. వీఎల్‌సీనే సుడోతో నడుపుదామంటారా? రూట్‌గా నడవనని అది మొహం మీదే చెప్పేస్తుంది.

ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో మాత్రం ఈ రెండూ పనిచేయవు. మౌంట్ చేసేటప్పుడే, అంటే దాన్ని సిస్టమ్‌కు కలిపేటప్పుడే, యూజర్ ఎవరో చెప్పాలి.