గునుగు పూసిన గట్ల మీద ఒక పూట

ఊరంతా కలిసి రసాయన మందులు, ఎరువులు మానేశామని 2006లోనే ప్రకటించుకున్న ఏనెబావి గురించి విన్నప్పటి నుంచి, అలాంటి సాగును దగ్గర నుంచి చూడాలని ఉండేది. అదే జనగామ జిల్లాలో ఒక రైతు కుటుంబం తమ చేలో సందర్శకులకు నడకలు, నేర్చుకునే రోజులు పెడుతున్నారని తెలిసి, బతుకమ్మ సెలవుల్లో మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను.

ముందు రాత్రి హన్మకొండలో ఆగి, వేయిస్తంభాల గుడి చూసుకుని వెళ్దామనుకోవడం పొరపాటైంది. ఫోన్‌లో బుక్ చేసుకున్న లాడ్జి వాళ్లు రాత్రి తొమ్మిదింటికి గది లేదన్నారు. పిల్లతో రోడ్డు మీద ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఇంకో చోట గది దొరికేసరికి పదకొండు. మర్నాడు చేను చేరేసరికి ఎండెక్కింది, పొద్దుటి నడక అయిపోయింది. అందుకని ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం. పెంకుటింట్లో గది, రెండు నులక మంచాలు, దోమతెర. బాత్రూం బయట ఉంది, కానీ శుభ్రంగా ఉంది. మీరు వెళ్తే నేరుగా అక్కడే దిగండి.

రసాయన ఎరువుల బదులు నేలకు పోసే జీవామృతం గురించి మధ్యాహ్నం ప్రొజెక్టర్ మీద చెప్పిన పాఠం నాకు నచ్చలేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు అన్నం తిన్న కడుపుతో పిల్లలంతా కునికిపాట్లు పడ్డారు. సాయంత్రం అదే జీవామృతం డ్రమ్ము దగ్గర చేసి చూపిస్తే అందరికీ హుషారొచ్చింది. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవుపేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గట్టు మీది మన్ను గుప్పెడు. ముక్కు మూసుకుని నిలబడ్డ మా అమ్మాయే చివరికి కర్ర అందుకుని కలిపింది.

అసలు విలువంతా తెల్లవారి నడకలోనే ఉంది. ఆ ఇంటి పెద్దమ్మ ముందు నడిచింది. పత్తి సాళ్ల మధ్య కంది, చేను చుట్టూ ఆముదం. ఆమె ఒక ఆముదపాకు తిప్పి చూపించింది. వెనక గోధుమరంగు నూగు కప్పుకున్న గుడ్ల ముద్ద, పొగాకు లద్దె పురుగుది. తల్లి పురుగుకు ఆముదం ఇష్టం కాబట్టి ముందు దాని మీదే వాలుతుందట. ఆ ఆకు తెంపి నలిపేస్తే వందల పురుగులు పత్తి మీదికి రాకముందే పోతాయి. పక్కనే పత్తి చిగురు మీద రసం పీల్చే పేనుబంక పురుగులు, వాటిని తింటూ ఎర్రటి అక్షింతల పురుగు. మా అమ్మాయి అక్కడి నుంచి కదలనంది. పెద్దమ్మ కూడా తొందరపెట్టలేదు.

గట్ల నిండా బతుకమ్మలో పేర్చే తెల్లటి గునుగు పూసి ఉంది. కలుపు కదా, ఎందుకు ఉంచారని అడిగాను. "గడ్డిమందు కొట్టిన చెల్కల గునుగు మొలుస్తదా బిడ్డా? సాళ్లల్ల కలుపు తీపిస్త గానీ, గట్టు మీది గునుగును మాత్రం ముట్టనియ్య" అంది. మా వీధిలో రెండేళ్లుగా గునుగు కట్టలు కొనుక్కుంటున్నామన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఒక్క లోపం చెప్పాలి. ఇరవై మందికి పైగా ఒకే గుంపుగా నడిపించారు, వెనకున్న వాళ్లకు సగం వినపడలేదు. సెలవు రోజులు కాకుండా మామూలు రోజు అడిగి వెళ్లండి. మంచుకు గట్లు జారతాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి.

బయల్దేరేటప్పుడు పెద్దమ్మ కొడవలితో కోసి ఒక కట్ట గునుగు ఇచ్చింది. ఇంటికొచ్చాక వాళ్ల నానమ్మ రంగులు కలపబోతే మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ రోజు మా బతుకమ్మలో గునుగు తెల్లగానే ఉంది.